ఫైలేరియా మాత్ర నుంచి వరి గులికల దాకా.. పురుగుల నరాల్లోని ఈ ‘తలుపు’ గురించి కోనసీమ ఎందుకు తెలుసుకోవాలి?

బోదకాలు నివారణ కోసం ఇచ్చే ఐవర్‌మెక్టిన్ మాత్ర. వరిలో కాండం తొలుచు పురుగుకు చల్లే ఫిప్రోనిల్ గులికలు. వంటగదిలో బొద్దింకలకు పెట్టే జెల్. పెంపుడు కుక్కకు గోమార్లు పట్టకుండా మెడ మీద వేసే చుక్కల మందు.

వీటిలో ఒకటి ఆశా కార్యకర్త చేతి నుంచి వస్తుంది, మరొకటి ఎరువుల కొట్టు నుంచి, ఇంకొకటి సూపర్‌మార్కెట్ నుంచి. కానీ ఇవన్నీ దెబ్బకొట్టే చోటు దాదాపు ఒక్కటే. పురుగుల నరాల మీద, కండరాల మీద ఉండే క్లోరైడ్ చానళ్లు. తేలిక భాషలో చెప్పాలంటే చిన్న చిన్న తలుపులు.

ఈ తలుపు ఎలా పని చేస్తుందో తెలిస్తే కొన్ని ప్రశ్నలకు జవాబులు దొరుకుతాయి. ఫైలేరియా మాత్రకు భయపడాలా? చేలో వేసిన మందు పక్కన ఉన్న రొయ్యల చెరువును ఎందుకు దెబ్బతీస్తుంది? ఏటా అదే మందు కొడుతున్నా దోమ ఎందుకు చావడం లేదు? పొరపాటున మందు ఒంట్లోకి పోతే ఆస్పత్రికి డబ్బా ఎందుకు తీసుకెళ్లాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఏమిటీ తలుపు?

నరం అంటే కరెంటు తీగలాంటిది. అందులో సందేశం పరుగెత్తాలంటే ఒక స్విచ్ పడాలి, ఆగాలంటే మరో స్విచ్ పడాలి. ఆపే స్విచ్ లేకపోతే నరాలన్నీ ఒకేసారి మోగుతాయి. మనిషిలో దాన్నే ఫిట్స్ అంటాం.

ఆపే పని చేసేవే ఈ తలుపులు. నరాల మధ్య గాబా అనే రసాయనం విడుదల అవుతుంది. అది వచ్చి తలుపును తాకగానే తలుపు తెరుచుకుంటుంది. బయట ఉన్న క్లోరైడ్ అయాన్లు లోపలికి వస్తాయి. క్లోరైడ్‌కు రుణావేశం ఉంటుంది కాబట్టి నరం లోపలి విద్యుత్ స్థితి మారి, ఆ నరం కాసేపు చల్లబడుతుంది. రసాయనం పక్కకు తప్పుకోగానే తలుపు మూసుకుంటుంది. ఇదంతా సెకనులో చిన్న భాగంలో జరిగిపోతుంది.

ఒక్కో తలుపు ఐదు ప్రోటీన్ ముక్కలతో తయారవుతుంది. ఐదూ గుండ్రంగా నిలబడితే మధ్యలో సన్నని దారి ఏర్పడుతుంది. ఈ ఏర్పాటు మనిషిలోనూ ఉంది, పురుగులోనూ ఉంది. తేడా అంతా ముక్కల్లోనే.

గుట్టు విప్పింది రొయ్య బంధువులే

గాబా నరాలను శాంతపరుస్తుందని సైన్స్‌కు తెలిసింది రొయ్య జాతి జీవుల వల్లే. 1950లలో శాస్త్రవేత్త ఎర్నెస్ట్ ఫ్లోరీ మెదడు నుంచి తీసిన ఒక సారాన్ని క్రేఫిష్ నరాల మీద పరీక్షించారు. నరం మోగడం ఆగిపోయింది. ఆ సారంలో పని చేస్తున్న పదార్థం గాబాయేనని 1957లో తేలింది. తర్వాత 1960లలో హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ క్రావిట్జ్ బృందం లాబ్‌స్టర్ నరాల నుంచి గాబా విడుదలవుతుందని నిరూపించింది.

క్రేఫిష్, లాబ్‌స్టర్, మన చెరువుల్లో పెంచే వనామీ రొయ్య ఒకే కుటుంబం. నరాల విషయంలో అవి మనకంటే పురుగులకే దగ్గర. కోనసీమ రైతు గుర్తుపెట్టుకోవాల్సిన ముఖ్యమైన మాట ఇది. మళ్లీ దీని దగ్గరికి వద్దాం.

మనకూ పురుగుకూ తేడా ఎక్కడ?

గాబా తలుపు ఇద్దరికీ ఉంది, కానీ ఆకారంలో తేడా ఉంది. పురుగు తలుపులో గట్టిగా ఇరుక్కునే మందు, మన తలుపులో అంత గట్టిగా ఇరుక్కోదు.

రెండో తేడా ఇంకా పెద్దది. వెన్నెముక లేని చాలా జీవులకు గ్లుటమేట్‌తో తెరుచుకునే క్లోరైడ్ తలుపు కూడా ఉంటుంది. మనలో గ్లుటమేట్ నరాలను ఉసిగొల్పుతుంది. వాటిలో ఇదే గ్లుటమేట్ ఈ తలుపు ద్వారా నరాలను చల్లబరుస్తుంది కూడా. ఈ రకం తలుపు మనిషికి లేనే లేదు. పశువులకూ, కుక్కలకూ లేదు.

ఈ తలుపు తయారీకి కారణమైన జన్యువులను 1994లో ఓ చిన్న నులిపురుగులో గుర్తించారు. దాని పూర్తి ఆకారం, ఐవర్‌మెక్టిన్ అందులో ఎక్కడ కూర్చుంటుందన్నది 2011లో బయటపడ్డాయి. ప్రోటీన్ ముక్కల మధ్య సందులో మేకులా దిగి, తలుపును తెరిచే ఉంచుతుంది ఐవర్‌మెక్టిన్.

ఫైలేరియా మాత్ర లోపల ఏం చేస్తుంది?

ఐవర్‌మెక్టిన్ పుట్టింది మట్టిలో. జపాన్ శాస్త్రవేత్త సతోషి ఒమురా సేకరించిన మట్టి నమూనాలోని సూక్ష్మజీవి నుంచి ఈ కుటుంబం మందులు వచ్చాయి. వాటికి పురుగులను చంపే శక్తి ఉందని తేల్చింది విలియం క్యాంప్‌బెల్. మొదట పశువులకు వాడారు. 1987 నుంచి ఆఫ్రికాలో రివర్ బ్లైండ్‌నెస్ అనే జబ్బుకు మనుషులకూ ఉచితంగా ఇస్తున్నారు. 2015లో ఈ ఇద్దరికీ వైద్యంలో నోబెల్ వచ్చింది.

ఇక మన దగ్గరికి వద్దాం. గోదావరి జిల్లాలు బోదకాలుకు పాత అడ్డా. ఫైలేరియా పరీక్షలు, శిక్షణ కోసం జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం శాఖ ఒకటి రాజమహేంద్రవరంలో ఉన్నది కూడా అందుకే. కాలువలు, డ్రెయిన్లు, ఇళ్ల పక్క నిలిచిన మురుగు క్యూలెక్స్ దోమకు పుట్టిల్లు. ఆ దోమ కాటుతో ఉకరేరియా బాంక్రాఫ్టీ అనే సన్నని పురుగు పిల్లలు ఒంట్లో చేరతాయి. పెద్ద పురుగులు శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి బతుకుతూ లక్షల్లో మైక్రోఫైలేరియాలను రక్తంలోకి వదులుతాయి. ఇవి రాత్రిపూటే రక్తంలో ఎక్కువగా తిరుగుతాయి. ఆరోగ్య సిబ్బంది రాత్రి వచ్చి వేలి నుంచి రక్తం తీసుకోవడానికి కారణం ఇదే.

మన దేశంలో సామూహిక మందుల పంపిణీ 2004లో డీఈసీతో మొదలైంది. తర్వాత ఆల్బెండజోల్ చేరింది. 2018 చివరి నుంచి ఎంపిక చేసిన జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్‌ను కూడా కలిపి మూడు మందులు ఇవ్వడం మొదలుపెట్టారు. 2027 నాటికి ఫైలేరియాను తొలగించాలన్నది కేంద్రం లక్ష్యం.

మూడింటిలో క్లోరైడ్ తలుపు మీద పని చేసేది ఐవర్‌మెక్టిన్ ఒక్కటే. ఆల్బెండజోల్ పురుగు కణాల లోపలి నిర్మాణాన్ని దెబ్బతీస్తుంది. డీఈసీ దారి వేరు. ఐవర్‌మెక్టిన్ చేరగానే మైక్రోఫైలేరియా శరీరం నుంచి కొన్ని ప్రోటీన్లు బయటికి రావడం తగ్గిపోతుంది. మన రోగనిరోధక కణాల కళ్లుగప్పడానికి పురుగు వాడుకునేది ఆ ప్రోటీన్లనే. ముసుగు జారిపోగానే మన కణాలే దాన్ని పట్టుకుంటాయి. పాపువా న్యూ గినీలో ఒక్కసారి మూడు మందులు ఇచ్చి చూస్తే, మూడేళ్ల తర్వాత కూడా దాదాపు అందరి రక్తంలో మైక్రోఫైలేరియాలు కనిపించలేదు. ఆ ఫలితాలు 2018లో వెలువడ్డాయి.

మరి మన మెదడుకు ఏమీ కాదా?

మామూలు డోసులో కాదు. దానికి రెండు కాపలాలు ఉన్నాయి. మొదటిది, గ్లుటమేట్ క్లోరైడ్ తలుపు మనకు లేకపోవడం. రెండోది, మెదడు రక్తనాళాల గోడల్లో ఉండే ఒక పంపు. లోపలికి రాబోయిన ఐవర్‌మెక్టిన్‌ను అది ఎప్పటికప్పుడు బయటికి తోసేస్తుంది.

ఆ పంపు లేకపోతే ఏమవుతుందో కోలీ జాతి కుక్కలు చూపించాయి. జన్యులోపం వల్ల వాటిలో చాలావాటికి ఈ పంపు పని చేయదు. మిగతా కుక్కలు తట్టుకునే మోతాదుకే ఇవి మత్తులోకి, కోమాలోకి వెళ్తాయి. ఎందుకంటే మోతాదు బాగా పెరిగితే ఐవర్‌మెక్టిన్ మన రకం గాబా తలుపులను కూడా తెరుస్తుంది.

అంటే రక్షణ మోతాదును బట్టి ఉంటుంది. కోవిడ్ సమయంలో కొందరు పశువుల ఇంజెక్షన్‌ను, పశువుల మోతాదు మందును సొంతంగా వాడటం అందుకే ప్రమాదకరం. పంపిణీలో ఎత్తు కొలిచి మరీ మాత్రలు ఇచ్చేది కూడా ఇందుకే.

మాత్ర ఎవరికి, ఎన్ని?

మూడు మందుల పంపిణీలో 3 మిల్లీగ్రాముల ఐవర్‌మెక్టిన్ మాత్రలను ఎత్తును బట్టి ఇస్తారు.

• 90 నుంచి 119 సెంటీమీటర్లు: 1 మాత్ర
• 120 నుంచి 140: 2 మాత్రలు
• 141 నుంచి 158: 3 మాత్రలు
• 159, ఆపైన: 4 మాత్రలు

5 ఏళ్లలోపు పిల్లలకు, 90 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తున్నవారికి ఐవర్‌మెక్టిన్ ఇవ్వరు. 2 ఏళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఏ మాత్రా ఇవ్వరు. కాన్పు అయి వారం కూడా కాని తల్లి ఐవర్‌మెక్టిన్ వేసుకోకూడదు. ఖాళీ కడుపుతో వేసుకోవద్దు. సిబ్బంది ఎదుటే మింగాలి. ‘తర్వాత వేసుకుంటాం’ అని దాచిన మాత్ర మీ ఒంట్లో పురుగునూ ఆపదు, పక్కింటికి పాకే జబ్బునూ ఆపదు.

వేసుకున్నాక ఒకటి రెండు రోజులు జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు, తల తిరగడం ఉండొచ్చు. ఎక్కువగా ఇవి రక్తంలో మైక్రోఫైలేరియాలు ఉన్నవారిలో కనిపిస్తాయి. చనిపోతున్న పురుగులకు మన శరీరం స్పందించే తీరు అది. ఎక్కువగా అనిపిస్తే పీహెచ్‌సీకి వెళ్లండి. ఇప్పటికే వాచిన కాలు మాత్రలతో మామూలు కాదు. రోజూ సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిచి, వీలైనప్పుడు ఎత్తు మీద పెట్టుకుంటే వాపు ముదరకుండా ఉంటుంది.

ఫిప్రోనిల్: అదే తలుపుకు బిరడా

ఐవర్‌మెక్టిన్ తలుపు తెరిచి ఉంచితే, ఫిప్రోనిల్ దారికి బిరడా కొడుతుంది. గాబా వచ్చి తట్టినా క్లోరైడ్ లోపలికి పోదు. ఆపే స్విచ్ లేని పురుగు నరాలు ఆగకుండా మోగి, వణికి వణికి చస్తుంది. తెరిచి ఉంచినా చావే, మూసేసినా చావే.

ఎండోసల్ఫాన్ పని చేసింది కూడా ఈ దారిలోనే. 2011లో సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. ఫిప్రోనిల్ పురుగు తలుపులో ఇరుక్కున్నంత గట్టిగా మన తలుపులో ఇరుక్కోదు. అందువల్ల పాత మందుల కంటే మనుషులకు కొంత నయం. ‘కొంత నయం’ అంటే ‘ప్రమాదం లేదు’ అని అర్థం కాదు.

చేను పక్కన చెరువు ఉంటే?

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు వెళ్లే ఎవరికైనా తెలిసిన దృశ్యమే. వరి చేను, కొబ్బరి తోట, రొయ్యల చెరువు పక్కపక్కనే ఉంటాయి. వీటన్నిటికీ నీళ్లు అవే కాలువలవి, మురుగు పోయేది అవే డ్రెయిన్లలోకి.

ఇందాక చెప్పుకున్నట్టు రొయ్య నరాల్లోని తలుపు పురుగు తలుపులాంటిదే. కాబట్టి కాండం తొలుచు పురుగు కోసం వేసిన ఫిప్రోనిల్‌కు రొయ్య కూడా ఓ పురుగే. పీతలకూ అంతే.

అమెరికాలోని లూసియానాలో ఇది పెద్ద గొడవే అయింది. అక్కడ వరి పొలాల్లోనే క్రేఫిష్ పెంచుతారు. 1999లో ఫిప్రోనిల్ పట్టించిన వరి విత్తనాలు వాడకంలోకి వచ్చాక క్రేఫిష్ దిగుబడి దెబ్బతిందని రైతులు కోర్టుకెక్కారు. 2004లో 4.5 కోట్ల డాలర్ల పరిహారంతో రాజీ కుదిరింది. జలచరాలకు, తేనెటీగలకు ముప్పు అన్న కారణంతో చైనా 2009లో ఫిప్రోనిల్ వాడకాన్ని చాలావరకు ఆపేసింది.

మీరు వరి రైతయినా, చెరువు రైతయినా ఈ జాగ్రత్తలు పాటించండి.

• మందు వేశాక చేలో నీరు బయటికి వదలకండి. గట్లు, బోదెలు ముందే సరిచూసుకోండి.
• భారీ వాన సూచన ఉంటే మందు వాయిదా వేయండి.
• స్ప్రేయర్, బకెట్లు కాలువలో, చెరువులో కడగకండి. ఖాళీ డబ్బాలు నీటిలో పారేయకండి.
• చెరువుకు నీరు పెట్టే ముందు పైనున్న చేలల్లో ఏ మందు వేశారో అడిగి తెలుసుకోండి. వేసిన రైతు కూడా పక్క చెరువుకు ముందే కబురు చెప్పాలి.

కొబ్బరి రైతులకు ఇంకో మాట. తోటల్లో వదిలే మిత్ర పురుగులకు కూడా ఇదే తలుపు ఉంది. అవి ఉన్న తోటలో అడ్డదిడ్డంగా మందు కొడితే ముందు పోయేవి అవే. కొబ్బరి తెగుళ్లపై సందేహం ఉంటే అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన కేంద్రాన్ని అడగొచ్చు.

అదే మందు కొడుతున్నా దోమ చావదెందుకు?

తలుపులో ఒక్క ఇటుక మారితే చాలు. డీల్‌డ్రిన్ అనే పాత మందుకు లొంగని పండు ఈగల్లో 1990ల తొలినాళ్లలో శాస్త్రవేత్తలు ఈ రహస్యం కనిపెట్టారు. గాబా తలుపు ప్రోటీన్‌లో 302వ స్థానంలో ఉండాల్సిన అలనిన్ బదులు సెరిన్ వచ్చింది. బిరడా పట్టే చోటు మారిపోయింది. ఆ తర్వాత ఎన్నో పురుగుల్లో ఇదే చోట మార్పు కనిపించింది. ఆసియా వరి చేలల్లోని తెల్లవీపు దోమ కూడా ఫిప్రోనిల్‌ను తట్టుకోవడం నేర్చుకుంది.

ఒకే మందు పదే పదే కొడితే మామూలు పురుగులు చచ్చి, మారిన తలుపు ఉన్నవే మిగులుతాయి. వాటి పిల్లలే చేనంతా నిండుతాయి. కాబట్టి బ్రాండ్ మార్చడం చాలదు, పని చేసే తీరు మారాలి. ఇందుకోసం పురుగుమందులకు అంతర్జాతీయంగా గ్రూపు నంబర్లు ఇచ్చారు.

• గ్రూపు 2: ఫిప్రోనిల్. గాబా తలుపుకు బిరడా.
• గ్రూపు 6: ఎమామెక్టిన్ బెంజోయేట్, అబామెక్టిన్. ఐవర్‌మెక్టిన్ బంధువులు. గ్లుటమేట్ తలుపును తెరిచి ఉంచుతాయి.
• గ్రూపు 30: బ్రోఫ్లానిలైడ్, ఫ్లక్సామెటమైడ్ లాంటి కొత్త మందులు. గాబా తలుపు మీదే, కానీ వేరే చోట పని చేస్తాయి.

కొట్లో మందు కొనేటప్పుడు పేరు కింద ఉన్న రసాయనం పేరు చదవండి. పేర్లు వేరైనా రెండు డబ్బాల్లో ఒకటే రసాయనం ఉంటే మీరు మందు మార్చనట్టే.

పొరపాటున ఒంట్లోకి పోతే?

మందు నోట్లోకి పోయినా, ఒంటి మీద ఎక్కువగా పడినా వెంటనే 108కు ఫోన్ చేయండి. ఫిప్రోనిల్ ఎక్కువగా పోతే వాంతులు, తల తిరగడం, చెమటలు, ఫిట్స్ రావొచ్చు.

ఇక్కడ డబ్బా చాలా ముఖ్యం. ఆర్గానోఫాస్ఫేట్ మందులకు అట్రోపిన్ విరుగుడుగా ఇస్తారు. ఫిప్రోనిల్‌కు ప్రత్యేకమైన విరుగుడు లేదు, దానికి అట్రోపిన్ మందు కాదు. ఫిట్స్‌ను అదుపు చేస్తూ శ్వాసను కాపాడటమే చికిత్స. డయాజిపామ్, లోరాజిపామ్ లాంటి మందులు మన గాబా తలుపులు మరింత బాగా తెరుచుకునేలా చేసి ఫిట్స్‌ను ఆపుతాయి. ఏ మందు పోయిందో తెలియకపోతే డాక్టర్‌కు విలువైన సమయం వృథా అవుతుంది. డబ్బా దొరక్కపోతే కనీసం లేబుల్ ఫొటో తీసుకెళ్లండి.

ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించకండి. ఫిట్స్ వస్తున్న మనిషి నోట్లో ఏమీ పెట్టకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మందు తడిసిన బట్టలు విప్పి, ఒంటిని సబ్బుతో కడగండి.

ఇంట్లో, కొట్టంలో

బొద్దింకల జెల్‌లో తరచూ ఉండేది ఫిప్రోనిలే. చుక్క చాలు, పిల్లల చేతికి అందని సందుల్లో పెట్టండి. కుక్కలకు వేసే ఫిప్రోనిల్ చుక్కలను కుందేళ్లకు వేయకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. కోళ్ల షెడ్లలో సొంత ప్రయోగాలు వద్దు. 2017లో నెదర్లాండ్స్, బెల్జియంలలో కోళ్ల షెడ్లలో వాడిన మందులో ఫిప్రోనిల్ కలిసి, లక్షలాది గుడ్లను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

పశువులకు ఐవర్‌మెక్టిన్ వేయించేటప్పుడు పాలిచ్చేదో కాదో డాక్టర్‌కు చెప్పండి. మందు పాలలోకి వస్తుంది. ఎన్నాళ్లు ఆ పాలు వాడకూడదో ఆయనే చెప్పాలి. గజ్జికి, పేలకు మనుషులకు కూడా ఐవర్‌మెక్టిన్ రాస్తారు. పశువుల మందును మాత్రం మనుషులు ముట్టుకోవద్దు.

ఎవరిని అడగాలి?

• ఫైలేరియా మాత్రలు, రాత్రి రక్తపరీక్ష: మీ ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, పీహెచ్‌సీ
• పంట మందుల ఎంపిక, మోతాదు: మీ ఊరి రైతు సేవా కేంద్రం, కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551
• పశువులకు: సంచార పశు వైద్య సేవ 1962
• విషం పోయిన అత్యవసరంలో: 108

ఒక్క మాట గుర్తుంచుకోండి. సిబ్బంది ఎత్తు కొలిచి ఇచ్చిన మాత్ర మీ ఒంట్లో పురుగును మాత్రమే వెతుక్కుంటుంది, దాన్ని ధైర్యంగా మింగండి. చేలో చల్లిన మందుకు పురుగు, రొయ్య, తేనెటీగ అన్న తేడా తెలియదు. ఆ తేడా చూడాల్సింది చల్లే చేయే.